రవిక కింద చేప

మా మనవరాలు భుజం మీద చేప బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకొచ్చి చూపించింది. చూడగానే భావనపాడులో మా మామ్మ, మా నాన్న తల్లి, గుర్తొచ్చింది.

మామ్మ రవిక ఎరగదు. భుజాల నుంచి మోచేతుల దాకా పచ్చబొట్లే: చేప, తేలు, నెమలి. నా చిన్నప్పుడు ఒకరోజు ఫొటోలు తీసే ఆయన మా ఊరొచ్చాడు. సముద్రం ఒడ్డున తాబేళ్లనీ, పడవల మీది బొమ్మలనీ, ఆడవాళ్ల చీరకట్టునీ తీసుకుంటూ మా గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, మీ ఫొటో ఒకటి తీసుకుంటాను."

ఫొటో అంటే మంచి బట్టలు కట్టుకుని దిగేదని నా లెక్క. మామ్మని ఇలా చూస్తే పట్నం వాళ్లు నవ్వుతారని ఏడుపొచ్చేసింది. లోపలికి పరిగెత్తి అమ్మ రవిక తెచ్చాను.

"ఏటే ఇది? నాకెందుకే?"

"తొడుక్కో మామ్మా! అందరూ నవ్వుతారు."

"వద్దమ్మా, అలాగే బాగున్నారు," అంటున్నాడాయన. మామ్మ నా మొహం చూసింది.

"పిల్ల ఏడుస్తన్నాది బాబూ, ఉండు," అని ఆ ఇరుకు రవికలోకి చేతులు దూర్చింది.

తరవాత ఫొటో పోస్టులో వచ్చింది. మామ్మకి ఉన్న ఫొటో అదొక్కటే.

"మరి ఆవిడ చేప ఎలా ఉండేది అమ్మమ్మా?" అంది ఇదంతా విన్న మనవరాలు. గోడ మీది ఫొటో దించి ఇచ్చాను. మోచేతుల దాకా రవిక, ఎవరింటికో వచ్చినట్టు బిగుసుకుని కూర్చున్న మామ్మ. రోజూ ఆ చేతి మీదే తల పెట్టుకుని పడుకునేదాన్ని. చేప తోక ఎటు తిరిగి ఉండేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.