దుప్పటి అవతలి కొస

మా మేనత్తకు కోపం వస్తే తడి దుప్పట్లు తీగ మీద వేయకుండానే ఆరిపోతాయి. పెద్ద చదువులవాళ్లెవరూ దీన్ని కనిపెట్టలేదు. బడి మధ్యలో మానేసిన నేనే కనిపెట్టాను.

అత్త ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తుంది. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, దులిపి, సగానికి మడిచాక ఒకరు రెండోవాళ్ల దగ్గరికి నడిచి కొసలు అందించాలి. అక్కడి మర్యాద ప్రకారం చిన్నది నడుస్తుంది, పెద్దది నిలబడుతుంది. అత్తకు జోడీ ఈమధ్యే చేరిన పిల్ల. నోరు ఆగదు కనక అందరూ చిలక అంటారు.

ఒకరోజు చిలక నలుగురిలో, "అక్క మడతలు నిద్రలో వేసినట్టుంటాయి" అంది. అత్త చేతిలోని దుప్పటిని ఒక్క దులుపు దులిపింది. ఆ చప్పుడు పక్క వీధి దాకా వినిపించింది.

మర్నాడు దుప్పటి సగానికి మడిచాక ఎవరూ కదల్లేదు.

"రావే" అంది అత్త.

"నువ్వే రా అక్కా. నా కాళ్లేమన్నా నీకు అద్దెకిచ్చానా?"

"నిద్రలో మడిచేదాన్ని కదా, నడవడం నాకెక్కడొస్తుంది!"

సూపర్‌వైజర్ వచ్చాడు. "వార్డుల బండి వచ్చేలోపు ఈ గుట్ట తరగకపోతే కొత్తదాన్ని ఇంటికి పంపేస్తా. మీ తగువు నాకెందుకు?"

చిలక నోరు మూతపడింది. కాళ్లు మాత్రం కదల్లేదు. ఇప్పుడు నడిస్తే భయపడి నడిచినట్టవుతుందని పౌరుషం. తను ఒక్క నాలుగడుగులు వేస్తే ఆ పిల్ల ఉద్యోగం నిలబడుతుందని అత్తకూ తెలుసు. కానీ కోపంలో ఉన్న మనిషికి తన నష్టం కనిపించదు, ఎదుటివాళ్ల నష్టం తియ్యగా ఉంటుంది.

అంతలో దుప్పటి వణికింది. గాలి లేదు, ఫ్యాను లేదు. అవతల వేళ్లలోని భయం గుడ్డ మీదుగా ప్రయాణం చేసి అత్త చేతిలోకి వచ్చింది. అత్త కోపం నీరుగారిపోయింది. ఆ లాండ్రీ పుట్టాక తొలిసారి పెద్దది చిన్నదాని దగ్గరికి నడిచింది.

"పట్టుకో. ఏడుపు తర్వాత" అంది.

ఆ తర్వాత ఆ నాలుగు చేతులూ ఎంత జోరుగా మడిచాయంటే, వేళకే వచ్చిన బండివాడు ఆలస్యమైందేమోనని క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇదంతా జాలి మహిమని నేను చెబుతుంటే విని అత్త అంది:

"జాలీ లేదు, గీలీ లేదు. దుప్పటి జారి నేలకి తగలబోయింది. తగిలితే మళ్లీ ఉతకాలి."