టీవీలో రెంటచింతల ఎండ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో డిప్లొమా, జేబులో టెస్టర్, నరసరావుపేటలో ఒక టీవీల షాపులో అప్పుడే దొరికిన ఉద్యోగం. ఇన్ని ఉన్నవాడికి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏముంటుంది? మా యజమాని ఏ వస్తువు అమ్మినా "నాదీ గ్యారంటీ" అనేవాడు కాబట్టి ఆయన్ని చాటున గ్యారంటీ బాబాయ్ అనుకునేవాళ్ళం (ఎదురుగా ఒట్టి బాబాయే). ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "హెచ్‌డీఆర్ అంటే ఏందో తెలుసా అబ్బాయ్?" ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలనీ ముందు రోజే బస్టాండు దగ్గర ఒక బోర్డు మీద చూశాను. చూశాను కాబట్టి తెలిసినట్టే లెక్క. "తెలుసు బాబాయ్, కాలేజీలో దాని మీదే ప్రాజెక్టు చేశా" అన్నాను. ఆయనకీ దాని సంగతి తెలియదు కాబట్టి వెంటనే నమ్మాడు. అలా తెలియనివాళ్ళం ఇద్దరం కలిసి పల్నాడు మొత్తానికి హెచ్‌డీఆర్ టీవీలు అమ్మడం మొదలుపెట్టాం.

తర్వాత టీవీ అట్టపెట్టె మీద రాసింది చదివి కొంత నేర్చుకున్నానులెండి. వెలుగున్న చోట నిజమైన వెలుగు, చీకటున్న చోట నిజమైన చీకటి కనిపిస్తాయని దాని సారాంశం. షాపులో టీవీకి పెన్ డ్రైవ్ పెట్టి, కొండల మీద పొద్దు పొడిచే వీడియో తిప్పి తిప్పి వేసి, "చూశారా, అదీ హెచ్‌డీఆర్" అని చెయ్యి చాపేవాణ్ణి. నా పనల్లా అమ్మిన టీవీని ఇంటికి తీసుకెళ్ళి బిగించి రావడం. అందులో మా షాపుకి ఒక పద్ధతి ఉండేది. బిగించడం అయ్యాక షాపు తరఫున మేమే కొబ్బరికాయ కొట్టి, టీవీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి. స్క్రూడ్రైవర్లతో పాటు పసుపు కుంకుమల పొట్లాలు కూడా మా సంచిలో ఉండేవి. పాత టీవీలకైతే చుట్టూ వెడల్పాటి అంచు ఉండేది, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టేవాళ్ళు. ఈ కొత్తవాటికి అంచే లేదాయె. ఎక్కడ పెట్టాలా అని వెతికితే కింద సరిగ్గా మధ్యలో మిరప గింజంత నల్లటి చుక్క ఒకటి కనిపించింది. బొట్టు పెట్టుకోవడానికని కంపెనీవాడే గుర్తుపెట్టి పంపాడని, మనవాళ్ళ సంగతి వాళ్ళకి ఎంత బాగా తెలుసోనని మురిసిపోయాను. ఆ చుక్క మీద పసుపు ముద్ద దట్టంగా అద్ది, దాని మధ్యలో కుంకుమ గుండ్రంగా దిద్దేవాణ్ణి. నా బొట్టు చూసి ఆడవాళ్ళు మెచ్చుకునేవారు.

ఒకరోజు మా షాపుకి రెంటచింతల నుంచి ఒక తాత వచ్చాడు. నలభై ఏళ్ళు మిరప పండించిన మనిషి. మోకాళ్ళకి ఆపరేషన్ అయ్యాక, ఎండలో చేలోకి పోతే ఊరుకోనని డాక్టరు గట్టిగా చెప్పడంతో పొలం కౌలుకిచ్చి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోలేక ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటుంటే, గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మనవరాలు తన గేమ్ బాక్స్ తెచ్చి అందులో సేద్యం చేసే ఆట ఒకటి పెట్టి ఇచ్చిందట. ట్రాక్టరెక్కి దున్నడం, విత్తడం, కోయడం, అన్నీ కూర్చున్న చోటే. మొదటి రోజు తాత "ఇదేం భూమే, రాయి లేదు, గట్టు లేదు!" అని తిట్టిపోశాడు. వారం తిరిగేసరికి అన్నానికి పిలిస్తే "ఇంకా నాలుగు సాళ్ళున్నయ్, ఉండు" అంటున్నాడు. కాకపోతే ఆయనకి ఒకటే వెలితి. పాత టీవీలో ఆ పొలం మీద ఎండ లేదు.

"వెలుతురు ఉందిగానీ ఎండ లేదబ్బాయ్. ఎండ లేని చేను చేనెట్టయిద్ది?" అన్నాడు.

మా బాబాయ్‌కి ఇంతకన్నా ఏం కావాలి? "హెచ్‌డీఆర్ టీవీ పెట్టుకో పెద్దాయనా. మీ రెంటచింతల ఎండ నీ వసారాలో కాయకపోతే నన్నడుగు. నాదీ గ్యారంటీ" అన్నాడు. తాత ఆయన్ని కిందా మీదా చూసి, "చూస్తంటే కళ్ళు చికిలించాల. చికిలించే పని లేకపోతే మాత్రం తెచ్చి నీ గుమ్మంలో పడేస్తా" అన్నాడు. బాబాయ్ నా భుజం తట్టి, "మావాడు కాలేజీలో దీని మీదే ప్రాజెక్టు చేశాడు" అన్నాడు. నేను ప్రాజెక్టు చేసినవాడిలా తలాడించాను.

తీసుకెళ్ళి బిగించాను. గేమ్ బాక్సు కలిపాను. ఈ టీవీకి హెచ్‌డీఆర్ లేదని బాక్సు తెరమీద రాసి చూపించింది. మనవరాలు దాన్ని చదివి నా వైపు చూసింది. నేను ఏమాత్రం తొణక్కుండా, "కొత్త టీవీ కదమ్మా, రన్నింగ్‌లో పడాలి. నాలుగు రోజులు వాడితే అదే వస్తది" అని చెప్పి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయటపడ్డాను. సరిగ్గా నాలుగో రోజు పొద్దున్నే ఫోను వచ్చింది. మాట్లాడి పెట్టేసిన బాబాయ్ ఆ రోజు నన్ను అబ్బాయ్ అనలేదు. "ఒరేయ్, ఎండ కాదు గదా, వెన్నెల కూడా లేదంటన్నాడు ముసలాయన. మాచర్ల బస్సెక్కు. టీవీ వెనక్కొస్తే దాంతోపాటు నువ్వు మాత్రం రామాకు" అన్నాడు. అది నా మొదటి ఉద్యోగం. నా కొడుక్కి నరసరావుపేటలో ఉద్యోగమని మా అమ్మ అప్పటికే బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా ఆనందం కలగలేదు.

మే నెల, శుక్రవారం, మిట్టమధ్యాహ్నం. రెంటచింతలలో బస్సు దిగి ఆ ఇంటికి నడిచేసరికి నా మొహం ఎండుమిరపకాయలా తయారైంది. వసారాలో తాత ఆట రిమోటు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆ పిల్ల నాయనమ్మ. మనవరాలు ఈసారి టీవీతో వచ్చిన పుస్తకం ముందేసుకుని ఉంది. "అన్నా, మనం వైరు పెట్టిన రంధ్రానికి టీవీ సెట్టింగుల్లో విడిగా పర్మిషన్ ఇవ్వాలంట, ఇచ్చావా?" అంది. "అదే చూద్దామని వచ్చా" అన్నాను. ఇద్దరం వెతికి (అంటే ఆమె వెతికింది, నేను "ఆ, అదే, అదే" అన్నాను) ఆ సెట్టింగు మార్చాం. తెర రెండు క్షణాలు నల్లబడింది, నాయనమ్మ "అయ్యో, పోయిందే!" అంది, మళ్ళీ వెలిగేసరికి మూలన హెచ్‌డీఆర్ అని పడింది. నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది.

ఆ తర్వాత వెలుగు సరిచూసుకోవడానికని బాక్సు ఇంకొక పని చెప్పింది. తెర మీద ఒక గుర్తు చూపిస్తుంది, అది కనపడీ కనపడకుండా ఉండేవరకు మీటలు నొక్కాలి. "కనపడతందా తాతా?" అని అడిగాను. "కనపడతంది" అన్నాడు తాత. "నాకేం కనపడట్లా" అంది నాయనమ్మ. "నీకెప్పుడు కనపడింది గనక?" అన్నాడు తాత. తీరా చూస్తే ఆయనకి ఒక కంట్లో శుక్లాలు తీశారు, రెండోది ఇంకా తీయలేదు. ఒక కన్ను మూసి "ఈ కంటికి ఉంది", రెండోది మూసి "ఈ కంటికి లేదు" అని ఖచ్చితంగా తేల్చిచెప్పాడు. కనపడీ కనపడకుండా ఉండాలన్న నియమం దీంతో పూర్తిగా నెరవేరిందని నిర్ణయించి ఓకే నొక్కేశాను.

ఆట మొదలైంది. ట్రాక్టరు వచ్చింది, చేను వచ్చింది, పైన సూర్యుడూ వచ్చాడు. కానీ ముసురు పట్టిన రోజు కనిపించే సూర్యుడిలా ఉన్నాడు. తాత ఒక్క నిమిషం చూసి, కళ్ళు బాగా పెద్దవి చేసి నా వైపు తిరిగాడు. "నేను చికిలిస్తన్నానా?" అన్నాడు. లేదని ఒప్పుకున్నాను. "సాయంత్రం బండి మాట్లాడతా. అట్టపెట్టె దాచే పెట్టా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే నీరసం ఉంది. అది చూస్తే నా ఉద్యోగం కన్నా ఆయన చేనే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అరగంటలో టీవీ రిమోటు మీద నొక్కని మీట లేదు. చివరికి మా వృత్తిలో అందరం చేసే ఆఖరి పని చేశాను. కేబుల్ పీకి, టీవీ వైపు ఉన్న కొసని బాక్సుకీ, బాక్సు వైపు ఉన్న కొసని టీవీకీ మార్చి పెట్టాను. వెనక చెయ్యి దూర్చడానికి టీవీని కాస్త గట్టిగానే కుదిపాను. తెర నల్లబడి వెలిగింది. వెలిగీ వెలగ్గానే మెల్లగా పొలమంతా ఎండ పరుచుకుంది. ట్రాక్టరు అద్దం మీద పడ్డ మెరుపు వసారా గోడ దాకా వచ్చింది. "అబ్బో!" అన్నాడు తాత. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, "కేబుల్ తిరగబడింది తాతా. సిగ్నల్ ఏటికి ఎదురీదుతన్నట్టు వస్తంది ఇన్నాళ్ళూ" అన్నాను. మనవరాలు నన్ను అనుమానంగా చూసింది. నేను పట్టించుకోకుండా బాబాయ్‌కి ఫోన్ చేసి, చాలా కష్టమైన కేసు, నేను కాబట్టి పట్టుకున్నాను అని చెప్పేశాను.

ఫోన్ జేబులో పెట్టేలోపే నాయనమ్మ, "అయ్యో రాత! శుక్రవారం పూట బొట్టు రాలిపోయిందే" అంటూ వంగి నేల మీద ఎండిన పసుపు పెచ్చు ఏరింది. లోపలికి వెళ్ళి తడి పసుపు తెచ్చి, సరిగ్గా పాత చోటే, నాకన్నా దట్టంగా పెట్టి, కుంకుమ అద్ది, టీవీకి దండం పెట్టింది. ఆమె దండం పూర్తయ్యేసరికి చేను మీదికి మబ్బు వచ్చింది. తాత రిమోటు దించాడు. నేను పరిగెత్తి కేబుల్ కొసలు మళ్ళీ మార్చాను. మబ్బు పోలేదు. ఇంకోసారి మార్చాను. అప్పుడు మనవరాలు పుస్తకం మీద వేలు పెట్టి, "అన్నా, ఇక్కడ లైట్ సెన్సర్ అని బొమ్మ వేసి ఉంది. గదిలో వెలుతురు ఎంతుందో చూసుకుని టీవీ తన వెలుగు పెంచుకుంటదంట, తగ్గించుకుంటదంట. కింద మధ్యలో నల్ల చుక్క అన్నాడు. మన టీవీకి అది కనపడట్లేదేంది?" అంది.

నాకు కనపడింది. కుంకుమ రంగులో కనపడింది. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో కూర్చుని కూడా, ఆ టీవీ పాపం చీకటి పడిందనుకుంటోంది.

ఆ క్షణంలో రెండు అబద్ధాలు నా నోటి దాకా వచ్చాయి (ఒకటి బాగానే ఉంది కూడా). కానీ నాయనమ్మ ఇంకా చేతులు జోడించే ఉంది, తాత రాబోయే బండి గురించే ఆలోచిస్తున్నాడు. "తాతా, నాకు హెచ్‌డీఆర్ గురించి ఏం తెలవదు. కేబుల్లో ఏం లేదు. ఆ బొట్టు టీవీ కన్ను మీద ఉంది. మొదట అక్కడ పెట్టింది నేనే" అనేశాను. మనవరాలు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను జేబురుమాలు తీసి టీవీ వైపు అడుగు వేశానో లేదో, నాయనమ్మ అడ్డం వచ్చింది. "శుక్రవారం బొట్టు తుడుస్తావా? తుడవనిస్తానా నేను?" అంది. ఆమె మొహం చూస్తే బండి రావడమే ఖాయమనిపించింది. (సెట్టింగుల్లో ఆ సెన్సర్ని ఆపేసే వీలుందని నాకు తెలిసింది మరో ఆరు నెలలకి.)

అయితే నాయనమ్మ మా అందరికన్నా తెలివైనది. కాసేపు టీవీని ఎగాదిగా చూసి, "కన్ను కిందుంటే మరి నుదురెక్కడుంది?" అంది. పైన అని చూపించాను. పసుపు గిన్నె నా చేతికిచ్చి, "ముందు పైన పెట్టు. పెట్టినాక కిందది తుడువు. టీవీ ఒక్క నిమిషం కూడా బొట్టు లేకుండా ఉండకూడదు" అంది. అలాగే చేశాను. అంత శ్రద్ధగా నేను ఏ టీవీకీ బొట్టు పెట్టలేదు.

కిందిది తుడవగానే మబ్బు విడిపోయింది. తాత ఆట రిమోటు పట్టుకుని ట్రాక్టరుని తూర్పు దిక్కుకి తిప్పాడు. ఎదురుగా సూర్యుడు. తాత తల కొంచెం వెనక్కి పోయింది, కళ్ళు చిన్నవయ్యాయి, తనకి తెలియకుండానే ఎడం చెయ్యి లేచి నుదుటికి అడ్డం వచ్చింది. నలభై ఏళ్ళు చేలో నిలబడ్డ చెయ్యి అది. అలాగే ఇంకో రెండు సాళ్ళు దున్ని, తెర మీంచి చూపు తిప్పకుండా, "ఏమే, ఎండ మండిపోతంది, మజ్జిగ తీసుకురా" అని కేకేశాడు. నాయనమ్మ రెండు గ్లాసులు తెచ్చింది. రెండోది నాకు. అంత రుచైన మజ్జిగ నేను ఇప్పటిదాకా తాగలేదు.

తిరిగివచ్చి బాబాయ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇట్టాంటి బొట్లు ఇంకెన్ని పెట్టావురా?" అన్నాడు. ఆ వారమంతా బస్సులెక్కి ఊరూరా తిరిగాను. వెల్దుర్తిలో ఒకాయన, తన టీవీలో అసలు వెలుగు చూసి, మీరు వేరే టీవీ పెట్టి పాతది ఎత్తుకుపోతున్నారని తగువు పెట్టుకున్నాడు. ముప్పాళ్ళలో ఒక పిన్ని, "కళ్ళకి చల్లగా ఉండే టీవీ అనుకుని కొనుక్కున్నాం, మాకట్టాగే ఉంచు" అని పాత బొట్టే మళ్ళీ పెట్టించుకుంది. ఆ ఇంట్లో ఇప్పటికీ చీకటే అనుకుంటాను.

ఇప్పుడు పేటలో నాకే ఒక చిన్న సర్వీసు షాపుంది. మొన్న మా ఇంటికి కొత్త టీవీ తెచ్చుకున్నాం. మా ఆవిడ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని నిలబడి, ఎక్కడ పెట్టమంటారు అని అడిగింది. కిందా పైనా పక్కలా వేలితో తడిమి చూశాను. వీటికిప్పుడు సెన్సర్లు ఎక్కడ దాస్తున్నారో కనపడదు. "ఏందీ, మీకు తెలియదా?" అంది ఆశ్చర్యంగా. "తెలియదు. పుస్తకం తియ్యి, చూద్దాం" అన్నాను. అనేశాక, మాచర్ల బస్సులో కిటికీ పక్కన బిక్కమొహంతో కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, కాస్త మజ్జిగ ఉంటే ఇమ్మన్నాను.