జగ్గమ్మ గరిటి ముంచనన్నాది

అరవై ఎనిమిదిలో మా నెల్లిమర్ల పక్కూరి బడిలో అమెరికా గోధుమరవ్వతో ఉప్మా వండేది జగ్గమ్మ. ఆవిడ గొంతు ముందు జూటుమిల్లు కూత కూడా సిగ్గుపడాల.

ఆ బడిలో సన్యాసమ్మ అని తల్లిలేని గుంట ఒకర్తి. ఊరికే కరిసీసేది. సగం ఊరి ఒంటిమీద దాని పళ్ళ గుర్తులే! అందుకే దాని పక్కన ఎవులూ కూకునేవోరు కాదు. రోజంతటికీ దానికి ఆ ఉప్మాయే కూడు. అయినా ఒకనాడు, "నా పక్కన ఎవులూ కూకోరు, నాను ఇంక బడికి రాను" అని ఇస్తరాకు పారీసి లెగిసిపోతన్నాది.

జగ్గమ్మ గుమ్మానికి అడ్డం నిలబడ్డాది. ఆవిడ నిలబడితే గాలి కూడా దూరదు.

"దీని పక్కన ఎవులైనా కూకుంటేగానీ గరిటి ముంచను."

"కరుస్తాది అత్తా!" అని గుంటలంతా గోల.

"నోట్లో ఉప్మా ఉంటే కరవడానికి ఖాళీ ఏదిరా?" అని సన్యాసమ్మని లాక్కొచ్చి, దాని పక్కన తనే దబ్బున కూలబడ్డాది. బడి కప్పు పెంకులు అదిరిపోయినాయి.

ఆకలికో జాలికో, దేవమణి అనే గుంట రెండోపక్కన సేరి, "ఒసే, నా జడ మాత్రం కొరక్కే" అన్నాది.

సన్యాసమ్మ పక్కున నవ్వీసినాది. సూస్తే ముందు పళ్ళు రెండూ కొత్తగా ఊడిపోయున్నాయి!

"ఓలమ్మా, దీనికేటి మనం బయపడ్డాం!" అని గుంటలంతా దాని సుట్టూ మూగీసినారు. సన్యాసమ్మ మళ్ళీ ఆకేసుకున్నాది. జగ్గమ్మని లేవదియ్యడానికే బడంతా పట్టాల్సొచ్చినాది.