నేరేడు జామ్ మీద నా పేరు

హీరోయిన్ గారికి తెలుగు రాదు. రాకపోవడం తప్పు కాదు. ఇన్ని తెలుగు సినిమాలు చేసి నేర్చుకోకపోవడం కూడా ఈ ఊళ్లో తప్పు కాదు. తెర మీద ఆవిడ పెదాలు కదిపేది, ఫిల్మ్ నగర్‌లో ఓ చీకటి గదిలో మైకు ముందు నిలబడి నేను మాట్లాడేదాన్ని. ఆవిడ ఏడ్చిన ఏడుపులన్నీ నావే. వేదికల మీద "మీ గొంతులో ఆ తడి ఎలా వచ్చిందండీ" అని ఎవరైనా అడిగితే, సిగ్గుపడుతూ నవ్వేది మాత్రం ఆవిడ. నా పేరు సినిమా అయిపోయి జనం పార్కింగ్‌కి పరుగెడుతున్నప్పుడు వచ్చేది. చాలాసార్లు అదీ లేదు. అడిగితే, "ఈసారికి మర్చిపోయారండీ" అనేవాళ్లు. ఎప్పుడూ ఈసారికే.

గొంతు బరువెక్కాక నన్ను పిలవడం మానేశారు. టోలిచౌకిలో మా అద్దె ఇంటి వంటగదిలో నేరేడు జామ్ చేసి అమ్మడం మొదలుపెట్టాను. ఒక్కో పండూ గింజ తీసి, గుజ్జు ఉడికించి, గరిటె వదలకుండా కలపాలి. వేళ్లకు పట్టిన ఊదారంగు సబ్బుకి లొంగదు. ఆహార శాఖలో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను, నీళ్లు పరీక్ష చేయించాను. జామ్ అని పిలవాలంటే అందులో పండెంత ఉండాలో, తీపెంత ఉండాలో కూడా చట్టమే చెబుతుంది. సినిమాకి హిట్ అని పోస్టరు వేసుకోడానికీ ఇలాంటి చట్టం ఒకటుంటే ఫిల్మ్ నగర్ సగం ఖాళీ అయ్యేది.

ఈలోగా ఆవిడకీ సినిమాలు తగ్గాయి. జూబ్లీ హిల్స్‌లో ఇల్లుంది, ఖాళీ ఉంది, ఇక సొంత బ్రాండ్ లేకపోతే ఎలా? ఆవిడ మేనేజరు మా ఇంటికి వచ్చాడు.

"మేడమ్ మీ జామ్ తిని పడిపోయారండీ. మీరు చేయండి, మేం అమ్ముతాం" అన్నాడు.

"సీసా మీద నా పేరుండాలి. చేసింది నేనని ఉండాలి" అన్నాను. నేను పట్టుబట్టింది ఆ ఒక్కదానికే.

నీళ్లు నమిలాడు. "చూద్దామండీ, చివర్లో ఎక్కడో వేద్దాం" అన్నాడు. మహానుభావుడు సీసాని కూడా సినిమా అనుకున్నాడు.

"తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా వేసి తీరాలండీ. చట్టం అది" అన్నాను.

"చట్టానికేం తెలుసండీ బ్రాండింగ్ గురించి" అంటూ సీసాలు కారెక్కించుకుని పోయాడు. లేబుళ్లు వాళ్లే అతికించుకుంటామన్నారు.

వారం తర్వాత దగ్గర్లోని సూపర్ మార్కెట్లో చూశాను. సీసా నిండా ఆవిడ నవ్వు. కింద వయ్యారంగా, "జూబ్లీ హిల్స్‌లోని నా వంటింట్లో, నా చేత్తో, నేనే చేశాను" అని రాసుంది, ఇంటి అడ్రసుతో సహా. రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం నాదే అచ్చేశారు. పేరు లేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ ఏడుపు ఎవరి మొహానికీ అతకలేదు, నాకే మిగిలింది.

మేనేజరుకి ఫోన్ చేస్తే, "ఈసారికి మర్చిపోయారండీ" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకి ఓ పొద్దున్నే అతనే ఫోన్ చేశాడు. కారు పంపిస్తున్నా, అర్జెంటుగా రమ్మన్నాడు. వెళ్తే ఆవిడ వంటింట్లో ఆహార శాఖ అధికారి నిలబడి ఉన్నాడు. నంబరు టోలిచౌకిది, అడ్రసు జూబ్లీ హిల్స్‌ది. అందుకే సీసా మీద రాసిన వంటింటికే తనిఖీకి వచ్చాడు.

"గీడనే చేస్తరా మేడమ్ జామ్? ఏ గిన్నెల ఉడికిస్తరు, జర చూపియ్యుండ్రి" అన్నాడు.

ఆవిడ పెదాలు విప్పింది. విప్పి, అలవాటుగా నా వైపు చూసింది. ఇన్నేళ్లూ ఆ పెదాలు కదిలినప్పుడల్లా మాట నా దగ్గర్నుంచే వచ్చేది కదా. ఆ పూట నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

అధికారి పొయ్యి వైపు తిరిగాడు. "పోనీ పొయ్యి ఎట్ల ముట్టిస్తరో అదన్న చూపియ్యుండ్రి" అన్నాడు. ఆవిడ అద్దంలా మెరిసే ఆ పొయ్యిని మొదటిసారి చూసినట్టు చూసింది.

మేనేజరు కాళ్ల బేరానికి వచ్చాడు. "సార్, చేసేది ఈవిడండీ. టోలిచౌకిలో" అని నన్ను ముందుకు తోశాడు.

"గా ముచ్చటనే సీసా మీద రాయుండ్రి మరి. గప్పటిదాంక ఒక్క సీసా అమ్మొద్దు" అన్నాడు అధికారి.

కొత్త లేబుళ్లు వచ్చాయి. అడుగున నా పేరు, మా అద్దె ఇంటి అడ్రసు, చట్టం ఒప్పుకునే అతి చిన్న అక్షరాల్లో. చీమ తలకాయంత. అయినా ఉంది. కూరగాయలాయనకి కూడా చూపించాను, సిగ్గు లేకుండా.

నెల తిరక్కుండా మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. జామ్ యాడ్ తీశారట, బరువెక్కినా సరే మేడమ్‌కి గొంతు నేనే ఇవ్వాలట.

"ఏం చెప్పాలి?" అన్నాను.

"అదేనండీ, నా చేత్తో నేనే చేశాను అని."

"ఇంకా అదేనా?"

"సీసా మీద చట్టమండీ. యాడ్‌లో ఫీలింగండీ" అన్నాడు.

నాలిక గీసుకోడానికా ఆ ఫీలింగ్ అందామనుకున్నాను. అనలేదు. వెళ్లాను.

అదే చీకటి గది, అదే మైకు. తెర మీద ఆవిడ సీసా పట్టుకుని నవ్వింది. గోరింట రంగు గోరున్న బొటనవేలు సరిగ్గా నా పేరు మీద ఉంది. పెదాలు కదిలాయి.

"నా చేత్తో, నేనే చేశాను" అన్నాను. మైకు స్టాండు పట్టుకున్న నా వేళ్లకి నేరేడు మరక ఇంకా పోలేదు.

"మస్తుగొచ్చింది మేడమ్. ఇంకో టేక్ అక్కర్లే" అన్నాడు అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజినీరు.

ఎందుకు రాదు? ఇన్నేళ్లలో ఆ పెదాలకి నేను చెప్పిన మొదటి నిజం అది.