అభివృద్ధి దొరకు మంచం

తొలి ఏకాదశి మర్నాడు, పొద్దున ఎనిమిది గంటలకు, మా ఊరు పుట్టిననాడు పాతిన బొడ్రాయి పక్కన నిలబడి ఆఫీసరు చెప్పాడు: "డ్యామ్ కడుతున్నాం. ఊరు ఖాళీ చేయండి. దేశానికి అభివృద్ధి వస్తోంది."

మొన్న అమెరికాలో, నేనిప్పుడుంటున్న ఆష్‌బర్న్‌లో, డేటా సెంటర్ గురించి జరిగిన మీటింగులో, పక్కింటి నైజీరియా యోరుబా పెద్దాయన తన ఊరిని మొట్టమొదట ఒక వేటగాడు ఎలా నిలబెట్టాడో చెబుతుంటే ఇదంతా గుర్తొచ్చింది. ఆ మీటింగులోనూ అభివృద్ధి మాటే.

ఊళ్లో ఆనాడు, పసితనంలో నేను, అభివృద్ధి అంటే ఎవరో దొర అనుకున్నాను.

"నాయినా, ఆ దొర ఏడ పండుకుంటడు?"

"మనింట్లనే బిడ్డా. మనమే బయట పండుకోవాలె."

అమ్మ, ఎల్లమ్మత్త, మంచాలు చేసే వడ్ల రాములు నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. నాయిన నవ్వలేదు. నేను ఇంటికి పరిగెత్తి మంచం వాల్చాను.

ఆ రోజు అక్కడున్నవాళ్లలో ఆఫీసరు ఇల్లొక్కటే మునగలేదు. ఇళ్లు మునిగిన మిగతావాళ్లం నాయిన, అమ్మ, ఎల్లమ్మత్త, వడ్ల రాములు, నేను.