కప్ప వేసిన సున్నా

ల్యాబులో కప్పల గది చూసుకునే ఆమెను అందరూ సబ్బు పిన్ని అనేవారు. కప్పను చూస్తేనే ఒళ్లు జలదరించే మనిషి, వేరే పని దొరక్క చేరింది. చేతులకు గ్లౌజులు వేసుకుని, వాటి మీద కూడా క్రిములు చంపే సబ్బు రుద్దుకుంటే గానీ తొట్టి మూత తీసేది కాదు.

పని మటుకు సులువే. కప్ప వీపును మెల్లగా నిమిరితే చర్మం మీద తెల్లటి నురగ ఊరుతుంది. బురదలో బతికే కప్పకు పుండు పడినా కుళ్లకుండా కాపాడేది ఆ నురగలోని చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలేనట. ఆ నురగను గిన్నెలోకి కడిగి, క్రిములు పెంచిన గాజు పళ్లెంలో ఒక చుక్క వేస్తారు. క్రిములు చచ్చినంత మేర సున్నాలా తేటపడుతుంది.

"బడిలో సున్నా తెస్తే మా నాన్న వీపు చీరేసేవాడు. ఇక్కడేమో సున్నా వస్తే పండగే!" అని నవ్వేది పిన్ని.

ఆ వారం పెద్ద సున్నా వచ్చింది. ల్యాబు నడిపే మేడమ్ మాత్రం నవ్వలేదు. నురగ కడిగిన గిన్నె వాసన చూసి పిన్ని వైపు తిరిగింది.

"పిన్నీ, క్రిముల్ని చంపింది కప్పా, మీ సబ్బా?"

పిన్ని తన గ్లౌజుల వైపు చూసుకుంది.

"సబ్బు లేకుండా మళ్లీ చేద్దాం. ఈసారి సున్నా రాకపోతే ఈ గది మూసేస్తారు. మీకు కష్టమైతే వేరేవాళ్లని పిలుస్తాను."

"ఇన్నాళ్లూ ఈ కప్పల తక్కెడ మోసింది నేను, తూకానికి ఇంకొకరా? కప్పను నేనే పడతానమ్మా."

పిన్ని కొత్త గ్లౌజులు వేసుకుని, కాచి చల్లార్చిన నీళ్లతో వాటిని కడుక్కుంది. కప్పను ముట్టకముందే ఆ చేతుల మీద మరికాస్త నీళ్లు పోసి, వేరే గిన్నెలో పట్టింది మేడమ్. ఆ చుక్కకూ సున్నా వస్తే తప్పు చేతులదే.

మూత తీయగానే కప్ప జారి, మణికట్టు మీదికెక్కి మొహంలోకి చూసింది. గుమ్మంలో వాచ్‌మన్ పకపకా నవ్వాడు. "పిన్నీ, ఏదో చెబుతోంది, విను!"

"నీ పెళ్లి సంబంధం గురించేరా, పిల్ల ఒప్పుకుందట! నోరు మూసుకుని తలుపెయ్యి."

పళ్లు బిగించి కప్పను పట్టుకుంది. దాని గుండె ఆమె వేళ్ల కింద టకటకా కొట్టుకుంటోంది. 'ఓసి పిచ్చిదానా, నీకూ భయమేనా!' అనుకుంది. నురగ ఊరేదాకా వదల్లేదు.

మర్నాడు ఇద్దరూ పళ్లెం మీదికి వంగారు. చేతుల నీళ్ల చుక్క పడ్డచోట క్రిములు దట్టంగా పెరిగాయి. కప్ప చుక్క చుట్టూ మాత్రం గోరంత సున్నా.

"మొన్నటి కన్నా చిన్నది," అంది మేడమ్.

"చిన్నదైతేనేం, కప్పదే కదమ్మా," అంటూ పిన్ని సబ్బును గది బయట పెట్టి వచ్చి, తొట్టి మూత తీసింది.