ఐదో రోజున తీసిన గూళ్ళు

పట్టుపురుగు గూటిలో ప్యూపాగా మారిన కొత్తలో దాని చర్మం తెల్లగా, మెత్తగా ఉంటుంది. తర్వాత ఒక ఎంజైమ్ దాన్ని గట్టిపరిచి, గోధుమ రంగుకు తెస్తుంది. రంగూ గట్టిదనమూ ఒకే పనితో వస్తాయి. ఈ సంగతి రుజువు చేయడానికి నేను బెంగళూరులో ఆరేళ్ళు ప్రయోగశాలలో కూర్చుని డాక్టరేట్ తెచ్చుకున్నాను. నాకంటే ముందే చాలామంది రుజువు చేశారనుకోండి, అది వేరే సంగతి.

హొసకోటె అవతల పల్లెలో మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళుగా పట్టుపురుగులు పెంచుతోంది. ఎంజైమ్ అనే మాట ఆవిడ ఎరగదు. లోపల పురుగు ముదిరిందా లేదా అన్నదొక్కటే ఆవిడకు కావాలి. ముదరకముందే గూడు తీస్తే, మూటల్లో ఒరుసుకుని ప్యూపా చిట్లి పట్టంతా మరకలవుతుంది. ఆవిడ సరుకులో ఎన్నడూ మరక లేదు. అందుకే మార్కెట్లో కొనేవాళ్ళు ఆవిడ కుప్పలో చెయ్యైనా పెట్టకుండా వేలం పాడేవారు. పెద్దమ్మకు ఉన్న ఆస్తి ఆ పేరే.

మొన్న డిసెంబరులో పెద్దమ్మ మల్బరీ తోటలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించి వైట్‌ఫీల్డ్‌లో మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాను. అక్కడ ఊళ్ళో పురుగులేమో అప్పుడే చంద్రికలెక్కి, ఆ వెదురు తట్టల మీద గూళ్ళు అల్లుకుంటున్నాయి. ఆవిడకు అన్నం సయించలేదు. "నేనుండగా నీకెందుకు బెంగ?" అని కాలేజీకి సెలవు పెట్టి బయలుదేరాను. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ "మా పాప దీంట్లోనే డాక్టరు" అని చెప్పుకుని ఆవిడ కుదుటపడింది. నాకూ ఆ మాట తియ్యగానే ఉండింది, అబద్ధమెందుకు.

పురుగులు చంద్రికలెక్కిన ఐదో రోజున గూళ్ళు తీయొచ్చని పుస్తకంలో ఉంది. ఐదో రోజు పొద్దున కూలికి నలుగురిని పిలిచాను. అంతలో పెద్దమ్మ ఫోన్ చేసింది.

"చలి జాస్తి ఉండాది పాపా. తట్టకొకటి కోసి, లోపల పురుగును ఒత్తి చూడు. మెత్తగుంటే ఇంకో దినం ఉండనీ."

"మంచి గూళ్ళు కోసి పాడు చేయడం దేనికి పెద్దమ్మా? ఐదు రోజులైంది. నేను ఆరేళ్ళు చదివింది ఇదే కదా."

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. "సరే, నీకు తెలీనిదా" అంది పెద్దమ్మ.

చల్లబడితే ఎంజైమ్ మందగిస్తుందని నేనే ఏటా బోర్డు మీద గ్రాఫు గీస్తాను. పరీక్షలో అది రాయని పిల్లలకు నిర్దయగా మార్కులు కోస్తాను. ఆ పొద్దున మాత్రం స్వెటర్ మీద శాలువా కప్పుకుని, చేతులు రుద్దుకుంటూ, గూళ్ళన్నీ తీయించేశాను. గ్రాఫు గుర్తుకే రాలేదు.

మర్నాడు మూటలు ఆటోలో వేసుకుని మార్కెట్‌కు చేరాను. నేను వద్దన్నా వినకుండా పెద్దమ్మ టాక్సీలో వచ్చి, కర్ర పట్టుకుని నిలబడి ఉంది. మూటలు విప్పి కుమ్మరించాను. తెల్లటి కుప్ప నిండా నల్లటి మరకలు. చిట్లిన ప్యూపా రక్తం గాలి తగిలితే నల్లబడుతుంది. అదీ ఒక ఎంజైమ్ పనే, మా ఎంజైమ్‌కు చుట్టమే. చలి గిలి అనకుండా అది మాత్రం తన పని చక్కగా చేసుకుపోయింది. నా తల కొట్టేసినట్టయింది.

పెద్దమ్మ దగ్గర ఏళ్ళుగా కొంటున్న వ్యాపారి ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించాడు. ముదిరిన ప్యూపా అయితే లోపల గలగలమంటుంది; ఇందులో చప్పుడు లేదు. బ్లేడుతో కోస్తే పాలిపోయిన మెత్తటి ప్యూపా అతని వేలికి అంటుకుంది.

"ఇదేందక్కా, పచ్చి గూళ్ళు తీసేసినారు? ఎవరు తీసింది?"

నోరు తెరిచాను. పెద్దమ్మ నా కంటే ముందే మాట్లాడింది.

"నేనేనప్పా తీయించింది. కాలు నొప్పిలో దినాలు లెక్క తప్పినా."

అతను నమ్మలేనట్టు చూసి, నా వైపు తిరిగి, "ఈమె?" అన్నాడు.

"మా చెల్లెలి కూతురు. కాలేజీలో ఈ పురుగుల పాఠమే చెప్తాది. డాక్టరు."

"అట్లనా! ఇంట్లోనే అంత చదివినామె ఉంటే, తీసే ముందర ఒక మాట అడగల్ల కదక్కా?"

"అడగల్ల అప్పా," అంది పెద్దమ్మ. "నాదే తప్పు."

అతను నాకు మర్యాదగా నమస్కారం పెట్టాడు. నేను తిరిగి నమస్కారం పెట్టాను.